పాత టీవీ గేములు, వింత రిమోట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాత వీడియో గేముల సేకరణ గురించి గత సంచికలో రాసినదానికి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఆటల గురించి కాక, ఆడేటప్పుడు చేతిలో పట్టుకునే సామగ్రి గురించే అడిగాయి. నా ఉద్దేశంలో అడగవలసిన సంగతి కూడా అదే. పాత ఆటలు ఇవాళ ఫోనులో సైతం దొరుకుతున్నాయి. కానీ ఆ ఆటను తయారుచేసినవారు మన బొటనవేలు ఏ మీట మీద ఉంటుందని ఊహించి దానిని అల్లారో, ఆ మీట ఫోనులో దొరకదు. కంట్రోలర్ అన్నా జాయ్‌స్టిక్ అన్నా, మన ఊళ్లలో పిల్లలందరూ దానిని రిమోట్ అనే పిలిచారు కనుక ఇక్కడా ఆ మాటే వాడుతున్నాను.

ప్రశ్న: అటక మీది సామాను దించుతుంటే నా చిన్ననాటి టీవీ గేమ్ దొరికింది. రెండు రిమోట్లు, ఒక గన్ను, మూడు క్యాసెట్లు ఉన్నాయి. ఇంట్లోని ఎల్‌ఈడీ టీవీకి తగిలిస్తే మారియో చక్కగా ఆడుతోంది గాని, బాతుల ఆటలో ఎంత గురిచూసి పేల్చినా ఒక్క బాతూ పడడం లేదు. గన్ను పాడైపోయిందనుకుని పారేయమంటారా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: దయచేసి పారేయకండి. గన్నులో ఏ లోపమూ లేకపోవచ్చు. మారింది మీ టీవీ.

గన్నులోంచి తెరవైపు ఏదో దూసుకుపోతుందని చిన్నప్పుడు మనందరం నమ్మాం. నిజానికి ఏదీ పోదు. గొట్టం లోపల ఒక చిన్న కటకం, దాని వెనుక వెలుతురును పసిగట్టే ఫోటో డయోడ్ ఉంటాయి. అది తూటాను వదిలే ఆయుధం కాదు, తెరను చూసే కన్ను. మీరు మీట నొక్కగానే ఆట తెరనంతా ఒక్క క్షణం నల్లగా చేసి, ఆ వెంటనే బాతు ఉన్న చోట మాత్రం ఒక తెల్లని చదరం గీస్తుంది. రెండు బాతులు ఎగురుతూ ఉంటే ముందు ఒకదాని చోట, తరవాత రెండోదాని చోట చదరం వస్తుంది. ఏ చదరం వెలిగినప్పుడు గన్నుకు వెలుతురు కనబడిందో ఆ బాతు పడినట్టు లెక్క. ముందు తెరను నల్లగా చేయడంలోనూ ఒక జాగ్రత్త ఉంది. గన్నును ట్యూబ్‌లైటు వైపు తిప్పి పేల్చినవారికి తెర నల్లగా ఉన్నప్పుడు కూడా వెలుతురు తగులుతుంది. అప్పుడు ఆట దానిని గురి తప్పినట్టే లెక్కిస్తుంది. 1984 నాటి ఈ ఏర్పాటును తెలుసుకున్న రోజున నాకు ఆ ఆట మీద గౌరవం పెరిగింది.

ఇదంతా రెప్పపాటులో జరిగిపోయే పని. పాత డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ల పుంజం పైనుంచి కిందికి గీత తరవాత గీతగా, సెకనుకు 50 లేదా 60 సార్లు బొమ్మను గీస్తుంది. ఒక్కొక్క గీత వెలిగి ఆరిపోతూ ఉండడం వల్ల ఆ వెలుగు సెకనుకు 15 వేలకు పైగా సార్లు మినుకుమంటుంది. ఈ బాతుల ఆటను తయారుచేసిన జపాన్ కంపెనీ నింటెండో వారి అసలు గన్ను ఆ మినుకును గుర్తుపట్టడానికే తయారైంది. ఎల్‌ఈడీ తెర వెలుగులో ఆ మినుకు ఉండదు. పైగా కొత్త టీవీ వచ్చిన బొమ్మను లోపల సవరించుకుని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా చూపిస్తుంది. తెల్లని చదరం తెరమీదికి వచ్చేసరికి ఆట దానికోసం ఎదురుచూడడం మానేసి ఉంటుంది. మీ ఫోనులో స్లో మోషన్ పెట్టి, గన్ను పేల్చినప్పుడు తెరను వీడియో తీయండి. నలుపు, ఆ తరవాత బాతు ఆకారం చెరిగిపోయి దాని స్థానంలో వచ్చే తెల్లని చదరం కంటికి స్పష్టంగా కనబడతాయి. మీ ఇంట్లో పిల్లలుంటే తప్పక చూపించండి.

గన్ను పనిచేయాలంటే డబ్బా టీవీ ఒకటి సంపాదించడం మినహా సులువైన మార్గం లేదు. టీవీ మెకానిక్కుల దగ్గర, పాత సామాన్ల కొట్లలో అవి ఇంకా దొరుకుతున్నాయి. 14 అంగుళాలదైనా చాలు. కొనేముందు బొమ్మను, శబ్దాన్ని అందుకునే పసుపు, తెలుపు రంగు AV సాకెట్లు ఉన్నాయో లేదో చూసి, మీ గేమ్‌ను అక్కడికే తీసుకుపోయి తగిలించి చూడండి. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చేస్తున్నాను: దాని వెనుక మూతను మీరు విప్పవద్దు. రంగుల పిక్చర్ ట్యూబ్‌కు 20 వేల వోల్టులకు పైగా విద్యుత్తు అందుతుంది. ప్లగ్గు పీకేసిన తరవాత కూడా ఆ ట్యూబ్ కొంత విద్యుత్తును నిలవ ఉంచుకుంటుంది. ఆ పని తెలిసిన మెకానిక్కుకే వదిలిపెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ట్యూషన్లు చెప్పి సంపాదించిన డబ్బుతో పాత రిమోట్లు కొంటున్నాడు. ఈమధ్య చేతికి తొడుక్కునే గ్లవ్ లాంటిది ఒకటి తెప్పించాడు. అది ఏ ఆటనూ సరిగా ఆడించడం లేదని వాడే చెబుతున్నాడు. పనిచేయని వస్తువుకు అంత డబ్బు పోయడం పిచ్చి కాదా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ వర్ణనను బట్టి అది 1989లో అమెరికాలో మేటెల్ కంపెనీ విడుదల చేసిన పవర్ గ్లవ్ అయి ఉండాలి. మీ అబ్బాయి చెప్పింది నిజమే, అది కొత్తగా ఉన్న రోజుల్లోనే ఆటగాళ్లను ఇబ్బంది పెట్టింది. దానికోసం ప్రత్యేకంగా తయారైన ఆటలు రెండే రెండు. మిగతా ఆటలు ఆడాలంటే ముంజేతి మీద ఉండే అంకెల మీటలతో ఒక్కో ఆటకు ఒక్కో సంఖ్య కొట్టుకోవాలి; చేయి గాలిలో ఎత్తి పట్టుకుని పది నిమిషాలు ఆడితే భుజం లాగుతుంది.

అయినా దానిని పిచ్చి అనడానికి నాకు మనసొప్పదు. ఆ గ్లవ్ నుంచి మన చెవికి అందని శబ్ద తరంగాలు వెలువడతాయి. టీవీ అంచుకు తగిలించే ఎల్ ఆకారపు పట్టీలోని మూడు మైకులు వాటిని అందుకుని, చేయి ఎక్కడుందో లెక్కగడతాయి. వేళ్లలో ఉండే పలుచని పట్టీలకు విద్యుత్తును నిరోధించే సిరా పూసి ఉంటుంది. వేలు వంచిన కొద్దీ ఆ నిరోధం మారుతుంది, దానిని బట్టి పిడికిలి బిగించారో విప్పారో యంత్రం గ్రహిస్తుంది. అప్పటికి పరిశోధనశాలల్లో వేల డాలర్లు పలికే డేటా గ్లవ్ అనే పరికరాన్ని పిల్లల ఆటవస్తువు ధరకు దించడానికి చేసిన ప్రయత్నమిది. ఇంజనీరింగ్ చదివే కుర్రవాడు విప్పి చూసి నేర్చుకోవడానికి ఇంతకన్న మంచి పాఠం సులువుగా దొరకదు. ఆ ఎల్ ఆకారపు పట్టీ కూడా వచ్చిందా అని మాత్రం అతనిని అడగండి. అది లేని గ్లవ్ చేయి ఎక్కడుందో చెప్పలేదు. చాలామంది అమ్మకందార్లు గ్లవ్‌ను ఒక్కదానినే అమ్ముతుంటారు.

వింత రిమోట్లలో రెండు జాతులున్నాయి. ఒక జాతి, ఆ ఆటకు అదే సరైనదని చేతికి తోచేవి. మరో జాతి, పెట్టె మీద బొమ్మ బాగుంటుందని తయారుచేసినవి. మీ అబ్బాయి మొదటి జాతిని వెతకాలని నా కోరిక. 1977 నాటి అటారీ 2600 యంత్రంతో వచ్చిన ప్యాడిల్ అనే గుండ్రని మీట అలాంటిది. దాని లోపల ఉండేది పాత రేడియోలో వాల్యూం పెంచే మీటలో ఉండే భాగమే. ఇటుకలను పగలగొట్టే ఆటను ముందు నాలుగు దిక్కుల మీటతో ఆడి, తరవాత ప్యాడిల్‌తో ఆడి చూడండి. నాలుగు దిక్కుల మీట నొక్కితే తెర కింది పలక ఒకే వేగంతో నడుస్తుంది, దూరంగా పడే బంతిని అందుకోలేదు. ప్యాడిల్‌ను చటుక్కున తిప్పితే పలక ఒక్క ఊపున ఆ చివరికి చేరుతుంది, మెల్లగా తిప్పితే వెంట్రుకవాసి జరుగుతుంది. ఆట కష్టంగా ఉందని వదిలేసినవారు నిజానికి తప్పు రిమోట్‌తో ఆడారని అప్పుడు తెలుస్తుంది. పాత ప్యాడిల్ తిప్పినప్పుడు పలక వణికితే భయపడనక్కరలేదు. పాత రేడియో వాల్యూం తిప్పినప్పుడు గరగరమనడానికి ఏది కారణమో దీనికీ అదే కారణం: లోపలి కార్బన్ దారి మీద మురికి చేరింది. కాంటాక్ట్ క్లీనర్ అనే, ఎలక్ట్రానిక్ భాగాలను శుభ్రం చేసే ద్రవం రెండు చుక్కలు వేసి ఇరవై ముప్ఫై సార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

సముద్రం పక్కన ఉన్న జిల్లావారు కనుక మరొకటి చెప్పాలనిపిస్తోంది. సెగా వారి డ్రీమ్‌కాస్ట్ యంత్రానికి 1999లో చేపలు పట్టే రిమోట్ వచ్చింది. అది గాలపు కర్ర పిడిలా ఉంటుంది, పక్కన దారం చుట్టే చక్రం ఉంటుంది, చేప తగులుకున్నప్పుడు చేతిలో వణుకుతుంది. చేయి ఊపును గుర్తించే శక్తి దానికి ఉంది కనుక కొందరు అదే యంత్రం మీద కత్తియుద్ధపు ఆటను కూడా దానితో ఆడారు. ఇక 2002లో ఎక్స్‌బాక్స్‌కు వచ్చిన స్టీల్ బెటాలియన్ అనే ఆట సుమారు 40 మీటలు, రెండు పిడులు, మూడు పెడళ్లు ఉన్న బల్లంత సామగ్రితో వచ్చింది. అందులో మన యుద్ధయంత్రం పేలిపోయేలోగా బయటికి దూకే మీట నొక్కకపోతే, అంతవరకు దాచుకున్న ఆటనంతా యంత్రం చెరిపేస్తుంది. అంత నిక్కచ్చి మీట మరే రిమోట్‌లోనూ నేను చూడలేదు.

ఖర్చు విషయంలో మీ ఆందోళన సహజమే. ఒక నియమం పెట్టండి: తెచ్చిన రిమోట్‌తో ఒక ఆటైనా పూర్తిగా ఆడి, మీకు కూడా నేర్పిన తరవాతే తరవాతిది కొనాలి.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. నా దగ్గర ముప్ఫై దాకా క్యాసెట్లు ఉన్నాయి. వానాకాలం రాగానే సగం క్యాసెట్లు తెర మీద గళ్లు గళ్లుగా చూపిస్తాయి. నోటితో ఊది పెడితే ఒక్కోసారి ఆడుతున్నాయి. రిమోట్ మీటలు కూడా గట్టిగా నొక్కితే గాని పలకడం లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: ముందుగా ఊదడం మానండి. ఊదినందువల్ల క్యాసెట్ బాగుపడడం లేదు. ఒకసారి తీసి మళ్లీ పెట్టినప్పుడు దాని పిన్నులు కొంచెం వేరే చోట తగులుతున్నాయి, అంతే. ఊపిరిలోని తేమ మాత్రం పిన్నుల మీద మిగిలిపోయి నెమ్మదిగా చిలుము పట్టిస్తుంది. అసలే ఉప్పు గాలి తగిలే ఊరు మీది. దానికి మనం తేమను చేర్చకూడదు.

ఎలక్ట్రానిక్స్ కొట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని అడిగి తెచ్చుకోండి. చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లను అందులో కొద్దిగా తడిపి, క్యాసెట్ అంచున వరసగా కనబడే పిన్నులను రెండువైపులా తుడవండి. మొదటి పుల్ల బొగ్గులా నల్లగా వస్తుంది, రెండోది బూడిదరంగులో వస్తుంది. పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి పెట్టండి. కొందరు పెన్సిల్ రబ్బరుతో రుద్దమని చెబుతారు. మార్కాపురం పలకను తుడిచినట్టు వాటిని రుద్దితే పైపూత అరిగిపోతుంది, ఆ తరవాత చిలుము ఇంకా త్వరగా పడుతుంది.

మీటల సంగతి. రిమోట్ వెనుక స్క్రూలు విప్పేముందు ఫోనులో ఒక ఫోటో తీసుకోండి, తిరిగి బిగించేటప్పుడు అక్కరకు వస్తుంది. ప్రతి మీట కింద మెత్తని రబ్బరు గుబ్బ, దాని అడుగున నల్లని గుండ్రని కార్బన్ బిళ్ల ఉంటాయి. మీట నొక్కినప్పుడు ఆ బిళ్ల కింది బోర్డు మీది రెండు దారులను కలుపుతుంది. చెమట, దుమ్ము కలిసి అక్కడ జిడ్డు పొర కడతాయి. బిళ్లను మెత్తని గుడ్డతో పైపైన తుడవండి. చౌక రిమోట్లలో బోర్డు మీద కూడా నల్లని కార్బన్ పూత ఉంటుంది కనుక అక్కడ గట్టిగా రుద్దవద్దు. ఒక్క మీట కాక అన్ని మీటలూ ఒకేసారి పలకడం మానేస్తే తప్పు చాలావరకు వైరుదే. ఈ రకం రిమోట్‌లో ఎనిమిది మీటల కబురు మోసేవి ఐదు వైర్లే. అవి రిమోట్‌లోకి దూరే చోట, తరచుగా వంగే చోట లోపల తెగుతాయి. వైరు తెగకుండా ఉంటే కూత పెట్టే మల్టీమీటరు అనే పరికరంతో ఏ వైరులో కూత రావడం లేదో చూసి, అక్కడ కోసి, సోల్డరింగ్ చేయించవచ్చు.

అన్నీ బిగించాక పరీక్షకు కాంట్రా ఆట పెట్టండి. మొదటి తెర మీద పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ, స్టార్ట్ అని వరసగా నొక్కితే 30 లైఫులు వస్తాయని మీకు గుర్తుండే ఉంటుంది. కోనామి కంపెనీలో గ్రాడియస్ అనే ఆటను 1986లో ఇంటి యంత్రానికి మలుస్తున్నప్పుడు, ఆటను పరీక్షించడం సులువు కావడానికి పెట్టుకున్న వరస అది. ఇప్పుడది మన పరీక్షకూ పనికొస్తుంది: ఎనిమిది మీటల్లో ఏడు సక్రమంగా పలికితే గాని ఆ 30 లైఫులు రావు. సెలెక్ట్ మీటను మాత్రం విడిగా చూసుకోవాలి.

నిలవ చేసేటప్పుడు సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన ప్రాంతానికి అసలు వానలు కురిసే రోజుల్లో, ఆ పొట్లాలను మార్చుతూ ఉండండి. రోళ్లు పగిలే రోహిణి కార్తె వేడిలో అటక మీద ఉంచితే వైర్ల పైతొడుగు బిరుసెక్కుతుంది. కిటికీ ఎండ తగిలినా తెల్లని ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారుతుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్య అక్కడి నింటెండో యంత్రాన్ని, కొన్ని క్యాసెట్లను, ఒక పాత అటారీ జాయ్‌స్టిక్‌ను తెస్తున్నాడు. నా దగ్గరున్న టీవీ గేమ్‌తో వాటిని కలిపి వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చాలా ఏళ్ల కిందట ఒక మిత్రుడు తెచ్చిన అమెరికా అడాప్టర్‌ను ఆత్రంకొద్దీ మన గోడ ప్లగ్గులో నేరుగా పెట్టాను. చిన్న చప్పుడు, కాలిన వాసన, అంతే, అడాప్టర్ పోయింది. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. కాబట్టి మీ అన్నయ్య పెట్టె తెరవగానే మొదట మన విద్యుత్తును అక్కడి వోల్టులకు తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. ఇంకొక చిక్కు ఉంది. ఆ యంత్రంతో వచ్చే అడాప్టర్ 9 వోల్టుల ఏసీ విద్యుత్తును ఇస్తుంది. ఆ యంత్రం దానిని తట్టుకుంటుంది గాని, డీసీ మీద నడిచే మన టీవీ గేమ్‌కు అదే అడాప్టర్ పెడితే బోర్డు కాలిపోతుంది. రెండు అడాప్టర్లకూ పేర్లు రాసి అంటించండి.

క్యాసెట్లు కూడా కలవవు. మన దగ్గర ఎక్కువగా అమ్మిన టీవీ గేములు జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్ యంత్రానికి నకళ్లు. వాటి క్యాసెట్లకు 60 పిన్నులు, అమెరికా క్యాసెట్లకు 72. మధ్యలో పెట్టే మార్పిడి అడాప్టర్ దొరుకుతుంది. అమెరికా యంత్రం ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో రంగులు పంపుతుంది కనుక, పాత టీవీ ఆ పద్ధతిని అందుకోకపోతే బొమ్మ నలుపు తెలుపుల్లో కనబడుతుంది లేదా దొర్లుతుంది.

జాయ్‌స్టిక్ విషయంలో మరింత జాగ్రత్త పడండి. అటారీది, సెగా మెగా డ్రైవ్‌ది, మన టీవీ గేముల్లో చాలావాటిదీ చూడడానికి ఒకే తొమ్మిది పిన్నుల ప్లగ్గు. ఒకదానిలో ఒకటి హాయిగా దూరుతాయి. కానీ ఏ పిన్నులో 5 వోల్టులు, ఏ పిన్నులో గ్రౌండ్ ఉంటాయన్నది ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా పెట్టుకుంది. దూరింది కదా అని స్విచ్ వేస్తే యంత్రమో రిమోటో పోవచ్చు.

ప్రశ్న: 9999999 ఆటలున్న క్యాసెట్ అని అమ్ముతున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: కాదు. కొన్ని ఆటలనే వేర్వేరు లెవెళ్ల నుంచి, వేర్వేరు వేగాలతో మొదలుపెట్టి జాబితాను పొడిగిస్తారు. అందులో ఉన్న నాలుగైదు ఆటలు మీకు ఇష్టమైనవైతే కొనండి, ఆ అంకెను చూసి ఎక్కువ ధర ఇవ్వవద్దు.

ప్రశ్న: మా నాన్నగారి చిన్నప్పటి టీవీ గేమ్‌లో రెండో రిమోట్‌కు స్టార్ట్, సెలెక్ట్ మీటలు లేవు. వాటి చోట చిన్న చిన్న రంధ్రాలు, జరిపే మీట ఒకటి ఉన్నాయి. అవి దేనికి?
— ఎనిమిదో తరగతి విద్యార్థి, నెల్లూరు

జవాబు: చిరంజీవికి ఆశీస్సులు. ఎంత బాగా గమనించావు! ఆ రంధ్రాల వెనుక ఉండవలసింది మైకు. జపాన్ ఫ్యామికామ్ రెండో రిమోట్‌లో నింటెండో వారు మైకు పెట్టారు. జరిపే మీట దాని వాల్యూం. 1986లో అక్కడ వచ్చిన జెల్డా ఆటలో పెద్ద చెవులున్న ఒక రాక్షసుడు ఉంటాడు. కత్తితో కొడితే త్వరగా చావడు, ఈ మైకులోకి అరిస్తే చస్తాడు. అమెరికాకు వెళ్లిన యంత్రంలో మైకు తీసేశారు. రాక్షసుడు మాత్రం ఆటలో ఉండిపోయాడు, వాడికి పెద్ద శబ్దం పడదనే మాట కూడా ఆట పుస్తకంలో అలాగే ఉండిపోయింది. పాపం అక్కడి పిల్లలు ఆ శబ్దం ఎలా చేయాలో తెలియక చాలా తికమకపడ్డారు.

నీ దగ్గరున్నది నకలు యంత్రం అయితే రంధ్రాలు పెట్టి మైకు పెట్టకుండా వదిలేసి ఉండవచ్చు. యంత్రం ఆన్ చేసి, ఏదైనా ఆట పెట్టి, ఆ మీటను ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా జరుపుతూ రంధ్రాల దగ్గర నీ పేరు చెప్పు. మైకు ఉండి పనిచేస్తూ ఉంటే నీ గొంతు టీవీలోంచి వినబడుతుంది. టీవీ సౌండు మాత్రం ముందే తగ్గించుకో, లేకపోతే కీచుమంటుంది.